ముప్ఫై రెండు నల్ల తెరలు

ఆ గది తాళం తీసిన మొదటి రోజే ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. తలుపు తెరవగానే ఎలుకల కంపు, కరిగిన రబ్బరు వాసన, ఎన్నాళ్ళుగానో గాలి ఆడని ప్లాస్టిక్ వాసన కలిసి మొహాన కొట్టాయి. తాళంచెవి పట్టుకొచ్చిన అటెండరు గుమ్మం దగ్గరే ఆగిపోయి జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. తలుపు మీద మాత్రం అందమైన నీలం అక్షరాలతో ‘డిజిటల్ బోధనా గది’ అని రాసి ఉంది.

“మీరెళ్ళండమ్మా లోపలికి. నాకు దుమ్ము పడదు,” అన్నాడతను.

“ఆఖరిసారి ఎప్పుడు తీశారు?”

“పోయినసారి తనిఖీకి వచ్చినప్పుడు.” కాస్త ఆలోచించి, “కాదు, అంతకు ముందుసారి. పోయినసారి వాళ్ళకి తలుపు బయటినుంచే చూపించాం,” అన్నాడు.

ఇనప బీరువాలో ముప్ఫై రెండు ట్యాబులు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. పైది తీయబోతే కిందిది కూడా అంటుకుని లేచి వచ్చింది. తొడుగులు కరిగి వేళ్ళకు బంకలా పట్టుకున్నాయి. కొన్నిటికి లోపల బ్యాటరీ పొంగి వీపు ఉబ్బింది, తెర అంచులు పైకి లేచాయి. రెండు ట్యాబుల నడుమ ఒక బల్లి ఎప్పుడో చచ్చి, ఎండి, కాగితంలా పల్చబడి అతుక్కుపోయి ఉంది. ఆమె చేతులు దూరంగా చాపుకుని బయటికొచ్చి, కొళాయి కింద మోచేతుల దాకా కడుక్కుంది. అయినా వాసన పోలేదు.

ఆమెది నిన్నమొన్న చదువు ముగించిన వయసు కాదు. ముప్ఫై నాలుగేళ్ళు. అంతకుముందు పదకొండేళ్ళపాటు ఒక ఫోటో స్టూడియోలో మొహాలు దిద్దే పని చేసింది. మూసుకున్న కళ్ళు తెరిపించేది. మచ్చలు చెరిపేది. గ్రూపు ఫోటోకి రాని మేనమామను ఇంకో ఫోటోలోంచి ఎత్తుకొచ్చి వెనక వరసలో నిలబెట్టేది. అలిగి వెళ్ళిపోయిన తోడికోడళ్ళను పక్కపక్కన కూర్చోబెట్టి నవ్వించేది. ఆ పనికి ఆమె పెట్టింది పేరు. కానీ ఏళ్ళు గడిచేకొద్దీ ఎవరి మొహం చూసినా ఎక్కడ దిద్దాలో ముందు కనిపించడం మొదలై, మనుషుల మీదే ఏవగింపు పుట్టుకొచ్చింది. ఫోన్లే ఆ పని చేసేస్తున్నాయని స్టూడియో మూతపడినప్పుడు ఆమె పెద్దగా బాధపడలేదు. టీచరు ట్రైనింగులో చేరింది.

“ఇకనైనా అబద్ధం లేని పని చేస్తాను పిన్నీ,” అంది చేరిన రోజు.

పిన్ని ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. అమ్మ పోయినప్పటినుంచి ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారు. మాట్లాడితే కుండబద్దలే.

“అబద్ధం లేని చోటు కావాలంటే బడికెళ్తావుటే?” అని నవ్వింది ఆవిడ.

ట్రైనింగు కాలేజీలో డిజిటల్ సాధనాల పాఠం చెప్పే మేడమ్ ఆ ఏడాది అందరికీ ఒక పని అప్పగించింది. ప్రాక్టీసుకు వెళ్ళిన బడిలో ఏదో ఒక డిజిటల్ సాధనాన్ని అయిదు వారాలు తరగతిలో వాడి చూసి, పిల్లలు దానివల్ల ఏం నేర్చుకున్నారో రాయాలి. ఫోటోలు తప్పనిసరి. అందుకే ఆ గది తాళం తీయించాల్సి వచ్చింది.

మర్నాడు ఆమె పిన్ని డబ్బాలోంచి రబ్బరు గ్లోవ్సు, దూది, స్పిరిట్ సీసా తీసుకెళ్ళింది. మూడు రోజులపాటు మధ్యాహ్నం భోజనం మాని ట్యాబులు తుడిచింది. ముప్ఫై రెండింటిలో ఏడు వెలిగాయి. ఆ ఏడు చాలనుకుంది. ఆమెకు అప్పగించిన మూడో తరగతిలో ఇరవై ఎనిమిది మంది. నలుగురికొకటి.

ట్యాబుల్లో చదవడం నేర్పే యాప్ ఒకటి ముందే వేసి ఉంది. తెర మీద బొమ్మ వస్తుంది. కింద నాలుగు రంగుల పెట్టెల్లో నాలుగు మాటలు. బొమ్మకు సరిపోయే మాట నొక్కితే డప్పు మోగుతుంది, చుక్కలు రాలతాయి. పిల్లలు వెర్రెత్తిపోయారు. గంట కొట్టినా కదిలేవారు కాదు. ఎవరెంత బాగా చదువుతున్నారో యాప్ తనే లెక్కగట్టి రంగురంగుల పట్టీ గీసి చూపించేది. మొదటి వారం అరవై శాతం, రెండో వారం ఎనభై ఒకటి, మూడో వారం తొంభై నాలుగు. ఆమె ఆ పట్టీలన్నీ నోటుబుక్కులో శ్రద్ధగా దించుకుంది. పట్టీలో అందరికంటే పైన ఒక బక్కపిల్ల ఉండేది. ఎప్పుడూ ముక్కు కారుతూ, మోచేత్తో తుడుచుకుంటూ కూర్చునేది. అన్ని చుక్కలూ ఆ పిల్లకే రావడంతో తరగతి మొత్తం చుక్కల పిల్ల అని పిలవసాగింది.

మూడో వారం చివర ఒక రోజు చుక్కల పిల్ల ముందున్న ట్యాబ్ బిగుసుకుపోయింది. ఎంత నొక్కినా కదలదు. పోనీలే అని ఆమె అవే మాటలు బోర్డు మీద సుద్దముక్కతో రాసి పిల్లను లేపింది.

“కప్ప ఎక్కడుందో చూపించు.”

పిల్ల బోర్డు వంక చూసింది. తర్వాత టీచరు వంక చూసింది.

“రంగులేవి టీచర్?”

“రంగులెందుకు? మాట చదువు.”

“కప్ప నీలం కదా. తర్వాత ఇల్లు ఎరుపు, తర్వాత మళ్ళీ ఎరుపు, తర్వాత పసుపు.” పిల్ల గొంతులో గర్వం. “మొత్తం చెప్పమంటారా?”

చెప్పమనకుండానే తరగతంతా అందుకుంది. ఎరుపు, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం. నలభై ప్రశ్నలకు నలభై రంగులు పొల్లుపోకుండా, ఎక్కాలు అప్పజెప్పినట్టు పాడుతున్నారు. ఆ యాప్ రోజూ అవే ప్రశ్నలు అదే వరసలో అడుగుతోందని ఆమె మూడు వారాలుగా గమనించనే లేదు. పట్టీ ఎక్కుతోందన్న సంబరంలో తెర వైపు చూసిందే తప్ప పిల్లల వైపు చూడలేదు. ఆ పూట ఒక్కొక్కరినీ బోర్డు దగ్గరికి పిలిచి చదివించింది. ఇరవై ఎనిమిది మందిలో తడుముకోకుండా చదివినవాళ్ళు తొమ్మిది మంది. చుక్కల పిల్లకు ‘క’కీ ‘త’కీ తేడా తెలియదు.

ఆమెకు నోరంతా చేదుగా అయిపోయింది. ఆ యాప్ తయారుచేసినవాళ్ళను తిట్టుకుంది. డప్పు చప్పుడు తలచుకుంటేనే ఒళ్ళు మండింది. అన్నిటికంటే, నోటుబుక్కులో స్కేలు పెట్టి గీసుకున్న తన పట్టీలు చూసుకుంటే రోత పుట్టింది. ఆ పేజీలు చింపేసి హెడ్మాస్టరు గదికి వెళ్ళింది.

హెడ్మాస్టరు మంచివాడే. ఎవరినీ కసిరి ఎరగడు. ఆమె చెప్పిందంతా ఓపిగ్గా విని, టీ తెప్పించి, అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“తొంభై నాలుగని రిపోర్టు పైకి పంపేశానమ్మా,” అన్నాడు నెమ్మదిగా. “ఇప్పుడు ముప్ఫై అంటే నా మొహాన ఉమ్మేస్తారు.”

“మరి పిల్లలకి చదవడం రాదు కదండీ?”

“నేర్పుదురుగాని. ఎవరొద్దన్నారు? ముందు ఫోటోల సంగతి చూడండి. రిపోర్టుకి జత చేయాలి. ముప్ఫై రెండూ వాడుతున్నట్టు ఉండాలి. ఏడే వెలిగితే మిగతావి ఏమయ్యాయని నా పీకల మీదకొస్తుంది.” ఆయన చిన్నగా నవ్వాడు. “మీరు ఇదివరకు స్టూడియోలో చేశారటగా. తెరలు వెలిగించడం మీకెంత పని?”

ఆమె టీ ముట్టుకోలేదు.

“మీ ప్రాక్టీసు మార్కులు వేసేది కూడా నేనేగా తల్లీ,” అన్నాడాయన అదే నవ్వుతో, టీ కప్పు ఆమె వైపు జరుపుతూ. బెదిరింపులా కూడా లేదు ఆ మాట. అందుకే ఇంకా జుగుప్సగా అనిపించింది. కానీ వద్దనలేదు. టీ తాగింది, తల ఊపింది.

ఫోటోకి ముప్ఫై రెండు మంది కావాలని పక్క తరగతినుంచి నలుగురిని అరువు తెచ్చారు. ఉబ్బిన ట్యాబులు పిల్లల చేతికివ్వనని ఆమె ఆ ఒక్కదానికీ మొండికేసింది. వాటి బదులు అదే కొలతకు కత్తిరించిన అట్టముక్కలకు నల్లకాగితం అంటించి ఇచ్చారు. పిల్లలు నల్ల తెరల మీద, నల్ల అట్టల మీద వేళ్ళు పెట్టి, అటెండరు ‘నవ్వండి’ అన్నప్పుడల్లా నవ్వారు. అట్టముక్క దొరికిన ఒకడు మాత్రం “ఇది ఎప్పుడు వెలుగుతుంది టీచర్?” అని అడుగుతూనే ఉన్నాడు.

ఆ సాయంత్రం వంటింటి బల్ల మీద పాత ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. చేతికి పాత పనితనం చిటికెలో తిరిగొచ్చింది. ఒక్కో తెరకూ వెలుగు అద్దింది. తెర వెలిగితే ఆ కాంతి మొహం మీద కూడా పడాలి కనుక ప్రతి పిల్ల గడ్డం కింద, బుగ్గల మీద లేత నీలం పూసింది. కంటిపాపల్లో ఒక్కో తెల్లని చుక్క పెట్టింది. గోడ మీద పెచ్చులూడిన చోట సున్నం వేసింది. చుక్కల పిల్ల ముక్కు తుడిచింది. అన్నీ అయ్యాక కాస్త వెనక్కి జరిగి చూసుకుంటే ఎక్కడా అతుకు తెలియలేదు. ఒక్క క్షణం సంతోషమేసింది కూడా. ఆ సంతోషానికే తరవాత ఎక్కువ సిగ్గుపడింది.

పిన్ని వెనకనుంచి వంగి చూసింది. “ఎంత బాగా చేశావే. వాంతి చేసుకునేదానిలా మొహం పెట్టావేం?”

“అందుకే పిన్నీ.”

రెండు వారాల తర్వాత కాలేజీ సెమినార్ హాల్లో ట్రైనీలందరూ రిపోర్టులతో ఇచ్చిన ఫోటోలు పెద్ద తెర మీద చూపించారు. ఆమె తన రిపోర్టుకీ జతచేసిన ఆ దిద్దిన ఫోటో వచ్చినప్పుడు మేడమ్ ఆపింది. చేతిలో మైకు, మెడలో ఐడీ కార్డు, గొంతులో పొంగిపోతున్న సంబరం.

“చూడండి. గోడలు కాదు, కుర్చీలు కాదు. ఆ పిల్లల కళ్ళల్లో వెలుగు చూడండి. టెక్నాలజీ అంటే ఇది.”

అందరూ చప్పట్లు కొట్టారు. మనిషంత ఎత్తున చుక్కల పిల్ల మొహం, దాని కళ్ళల్లో తను పెట్టిన రెండు తెల్లచుక్కలు. ఆ పిల్లకు ‘క’ రాదు.

“మీ అనుభవం చెప్పండి,” అంటూ మేడమ్ మైకు పంపించింది.

ఆమె లేచి నిలబడింది. చెప్పాలని ఇంటినుంచి అనుకుని వచ్చిందేమీ కాదు.

“ఆ వెలుగు నేను పెట్టిందేనండి,” అంది. “అక్కడ వెలిగినవి ఏడే. మిగతావి చచ్చిపోయాయి. ముందు వరసలో ఎడమవైపున్నవి ట్యాబులు కూడా కాదు, అట్టముక్కలు. నేనిదివరకు ఫోటోలు దిద్దే పని చేసేదాన్ని. ఆ పిల్లకి చదవడం రాదు. క్లాసులో పందొమ్మిది మందికి సరిగ్గా రాదు.”

మేడమ్ మైకు వెనక్కి తీసుకుని, “సరే, ఇది తర్వాత మాట్లాడదాం. నెక్స్ట్,” అంది. తెర మీద ఇంకో బడి వచ్చింది. అక్కడి పిల్లల చేతుల్లోనూ ట్యాబులే, అన్నీ వెలుగుతున్నాయి. ఆ ఫోటో తాలూకు ట్రైనీ కుర్చీలోకి కుంగిపోయి గోళ్ళు చూసుకుంటోంది. ఇటు తను కూర్చోగానే పక్క కుర్చీలోని కుర్రాడు చెవిలో గొణిగాడు: “అయ్యో, ముందే తెలిస్తే నావి కూడా మీ చేతే చేయించుకునేవాణ్ణి కదండీ. నా వాటిలో నీడలు సరిగ్గా కుదర్లేదు.”

ఆమె బయటికొచ్చి వరండాలో నిలబడింది. వెనకే మేడమ్ వచ్చింది. మైకు లేకపోతే ఆవిడ గొంతు చాలా చిన్నది.

“మీరొక్కరే ఇలా చేశారనుకుంటున్నారా? నాకు తెలీదనుకుంటున్నారా?”

“తెలిసి చప్పట్లు కొట్టించారా మేడమ్?”

మేడమ్ మెడలోని ఐడీ కార్డు సర్దుకుంది. “మీ రిపోర్టు తీసుకోలేను. నాలుగు వారాలు టైమిస్తాను. మళ్ళీ చేయండి. ఒక్క ఫోటో కూడా పెట్టకండి,” అని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాటికే సంగతి బడికి చేరింది. హెడ్మాస్టరు కేకలేయలేదు. “కూతురిలా చూసుకున్నానమ్మా నిన్ను,” అన్నాడు కళ్ళద్దాలు తీసి. మీరు కాస్తా నువ్వైంది. ఆ మాటకు జాలి పడాలో ఛీ కొట్టాలో ఆమెకు తెలియలేదు. డిజిటల్ గది తాళంచెవి మళ్ళీ ఆమె చేతికి రాలేదు. మూడో తరగతిని తీసుకెళ్ళి సైకిళ్ళ షెడ్డు పక్కన వరండాలో కూర్చోబెట్టుకోమన్నారు.

ఇక ఆమె దగ్గర మిగిలిన డిజిటల్ సాధనం సొంత ఫోను ఒక్కటే. అందులో గొంతు రికార్డు చేసే ఏర్పాటు ఉంది. పిల్లలచేత చదివించి వాళ్ళకే వినిపిస్తే ఎలా ఉంటుందో చూద్దామనుకుంది. ముందు ఎంత దూరానికి వినబడుతుందో తేల్చుకోవడానికి ఫోను సుద్దముక్కల డబ్బాలో పెట్టి తన పాఠమే నలభై నిమిషాలు రికార్డు చేసింది. ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో వింటూ కూర్చుంది.

పక్కగదిలో బట్టలు మడతపెడుతున్న పిన్ని అయిదు నిమిషాలకే తల బయటపెట్టింది. “ఎవరే ఆ గయ్యాళి?”

ఆమె ఫోను చప్పుడు తగ్గించింది.

“మా వార్డులో ఒక హెడ్ నర్సుండేది. అచ్చం ఇదే గొంతు. రోగులు దడుచుకుని నొప్పి కూడా చెప్పేవాళ్ళు కాదు.” అప్పుడు ఆమె మొహం చూసి పిన్నికి అర్థమైంది. “నువ్వా?” అంది. మడతపెట్టిన దుప్పటిని మళ్ళీ విప్పి మడతపెట్టింది.

ఆమె చివరిదాకా విన్నది. కాగితం మీద గీతలు పెట్టుకుంటూ విన్నది. ‘ఇది కూడా రాదా’ అన్నది పద్నాలుగుసార్లు. ‘రంగులు చెప్పడమైతే బాగా వచ్చు’ అన్నది ఆరుసార్లు, అందులో అయిదు చుక్కల పిల్లనే. ఒకచోట పిల్ల ఏదో మాట మొదలుపెట్టి, మొదటి అక్షరం సరిగ్గానే అంది. అది పూర్తయ్యేలోపు ఈ గొంతు మీద పడి తొక్కేసింది. హెడ్మాస్టరును, మేడమ్‌ను, యాప్‌ను, పక్క కుర్చీలోని కుర్రాణ్ణి చూసి ఇన్నాళ్ళూ మొహం చిట్లించిన ఆమెకు ఇప్పుడు తన గొంతు చెవిన పడితే పురుగు పాకినట్టుంది. చెరిపేద్దామని వేలు పెట్టి, చెరపలేదు. దిద్దడం ఆమెకు చేతకాక కాదు.

సోమవారం ఆ రికార్డులోంచి ఒక ముక్క పిల్లలకు వినిపించింది.

“టీచర్, మీరే,” అన్నారు పిల్లలు, సంతోషంగా.

“నేనే. నాకే నచ్చలేదు,” అంది ఆమె. “మళ్ళీ ఇలా అరిస్తే మీరు ఫోను వైపు వేలు చూపించండి, ఆపేస్తాను.”

తర్వాత ఒక్కొక్కరూ షెడ్డు మూలకు వెళ్ళి ఫోనుకు చదివి వినిపించి రావడం మొదలైంది. చుక్కల పిల్ల మూడు రోజులు దగ్గరికి రాలేదు. నాలుగో రోజు వచ్చి, రెండు మాటలు చదివి, వెంటనే వినిపించమంది. విని ముక్కు ముడిచింది.

“ఛీ. నా గొంతు ఇలా ఉంటుందా?”

“నాకూ అలాగే అనిపించింది నా గొంతు విని.”

“చెరిపేయండి టీచర్.”

“చెరపను. ఇంకోసారి చదువు. అది దీనికంటే బాగుంటే అప్పుడు దీన్ని తీసేద్దాం.”

పిల్లకు ఆ లెక్క నచ్చింది. బడి వదిలాక కూడా నిలబడి, మొదటి రికార్డు తీసేయించడానికి మళ్ళీ చదివింది. రెండోదీ నచ్చలేదు. మూడోదీ నచ్చలేదు. ఏ మాట దగ్గర గొంతు సన్నబడిందో, ఎక్కడ తెలియక గొణిగిందో తనే పట్టేసేది. “ఇక్కడ దొంగతనం చేశాను, ఊరికే అనేశాను,” అని తనే ఒప్పుకునేది. ఒకసారి ఆమె విసుగొచ్చి ‘ఇది కూడా’ అని మొదలుపెట్టగానే పిల్ల గబుక్కున ఫోను వైపు వేలు చూపించింది. ఆమె నోరు మూసుకుంది.

చుక్కలు లేవు, డప్పు లేదు. నాలుగు వారాల్లో అద్భుతమేమీ జరగలేదు. అయిదుగురికి చదవడం పట్టుబడింది. ఇంకో ఆరుగురికి భయం తగ్గింది. మిగిలినవాళ్ళకు ఏమైందో ఆమెకు తెలియదు, రిపోర్టులో అలాగే రాసింది. ఆఖరి రోజు చుక్కల పిల్ల పదకొండు వరసల పాఠం చదివింది. ఏడో వరసలో ఒక మాట దగ్గర చాలాసేపు ఆగిపోయింది. ఆమె చెయ్యి ఫోను మీదికి వెళ్ళబోతే, “ఉండండి టీచర్, ఆపకండి,” అని, ముక్కు మోచేత్తో తుడుచుకుని, ఆ మాటను మూడు ముక్కలుగా విరిచి చదివి, కలిపి చదివి, ముందుకు వెళ్ళింది.

నాలుగు పేజీల రిపోర్టు చూసి మేడమ్ అంచున ‘శాంపిల్ చిన్నది’ అని రాసి సంతకం చేసింది. హెడ్మాస్టరు ప్రాక్టీసులో పాసుకు సరిపడా మార్కులు మాత్రం వేశాడు, ఒక్కటి ఎక్కువ వేయలేదు. తను దిద్దిన ఫోటోను బడి వార్షిక పుస్తకం అట్ట మీద అచ్చేశారని ఆమెకు తర్వాత తెలిసింది. తీసేయమని రెండు ఉత్తరాలు రాసింది. జవాబు రాలేదు. ఆ పుస్తకం ఎక్కడైనా కంటబడితే ఇప్పటికీ తలతిప్పుకుంటుంది.

మరుసటి ఏడాది ఇంకో బడిలో ఉద్యోగం దొరికింది. రెండో తరగతి, ముప్ఫై ఆరు మంది. ఒక్కొక్కరిచేతా చదివించి విని, వాళ్ళలో ఎవరికి చదవడం వచ్చో, ఎవరికి రాదో తెలుసుకోవడానికి ఆమెకు పదకొండు రోజులు పట్టింది.